నడుస్తుండగానే తోమే బంతులు

విశాఖ రేవులోకి 1933 అక్టోబరు 7న జలదుర్గ వచ్చి ఆగింది. 1948 మార్చి 14న సింధియా యార్డులో నెహ్రూ చేతుల మీదుగా జల ఉష నీళ్లలోకి జారింది. ఈ రెండు తేదీలూ మన ఊరి చరిత్రలో ఎప్పుడూ పక్కపక్కనే కనిపిస్తాయి. జలదుర్గ, జల ఉష రెండూ ఆవిరి ఓడలే. ఆవిరి ఓడ అనగానే అందరి కళ్లూ పొగగొట్టం మీదకే పోతాయి గానీ, ఇంజను గదిలో పనిచేసేవాళ్ల బెంగంతా కండెన్సర్ మీదే.

పనైపోయిన ఆవిరిని చల్లార్చి మళ్లీ నీరుగా మార్చేదే కండెన్సర్. దాన్ని ఇంజను సిలిండర్ నుంచి విడదీయాలన్న ఆలోచన 1765లో జేమ్స్ వాట్‌కు తట్టింది. ఓడలకు మరో చిక్కుంది. చుట్టూ సముద్రమే అయినా బాయిలర్‌లో ఉప్పునీరు పోస్తే అడుగున గార కడుతుంది. అందుకని శామ్యూల్ హాల్ 1834లో పేటెంటు తీసుకున్న కండెన్సర్‌లో గొట్టం గోడకు ఒకవైపు ఆవిరి, మరోవైపు చల్లనీళ్లు ఉంటాయి, రెండూ కలవవు. 1838లో అట్లాంటిక్ దాటిన సిరియస్ ఓడ ఈ ఏర్పాటుతోనే బాయిలర్‌కు మంచినీళ్లు వాడుకోగలిగింది. అప్పటి నుంచీ గొట్టాల్లోని మురికి ఇంజినీర్ల పాలిట పడింది. ఓడైతే రేవు చేరాక మూతలు విప్పి బ్రష్షులతో తోముకోవచ్చు. రాత్రింబవళ్లు కరెంటు ఇవ్వాల్సిన ప్లాంటుకు రేవు ఎక్కడిది?

విశాఖ దక్షిణాన పరవాడ దగ్గర ఎన్‌టీపీసీ సింహాద్రి ప్లాంటు ఉంది (ఇప్పుడది అనకాపల్లి జిల్లా). ఎన్‌టీపీసీ సముద్రతీరాన కట్టిన తొలి బొగ్గు విద్యుత్ కేంద్రం అదే. 2002లో రెండు, 2011-12లో మరో రెండు యూనిట్లు మొదలయ్యాయి. ఒక్కొక్కటి 500 మెగావాట్లు. అంతటి యూనిట్ కండెన్సర్‌లో అంగుళం లావు గొట్టాలు ఇరవై వేలకు పైగా ఉంటాయి. వాటిలోంచి గంటకు సుమారు 60 వేల ఘనపు మీటర్ల నీరు పారాలి. బొగ్గు కాల్చగా వచ్చిన వేడిలో ఇంచుమించు సగం ఈ నీళ్లలోకే పోతుంది. లోపలి పీడనం బయటి గాలి పీడనంలో పదోవంతు దగ్గర ఉంటేనే టర్బైన్ బాగా తిరుగుతుంది. గొట్టంలో పల్చటి జిగట పొర పట్టినా చాలు, వాక్యూమ్ పడిపోతుంది, అదే కరెంటుకు బొగ్గు ఎక్కువ కాలుతుంది.

సింహాద్రిలో చల్లార్చేది బంగాళాఖాతం నీరు. వేడెక్కిన నీటిని నేరుగా సముద్రంలోకి వదలకుండా 165 మీటర్ల కూలింగ్ టవర్లలో చల్లార్చి మళ్లీ తిప్పుతారు. అసలే ఉప్పునీరు, అందులో కొంత టవర్‌లో ఆవిరైపోగా మిగిలేది ఇంకా ఉప్పన. విశాఖ స్టీలు ప్లాంటు వాళ్లకు ఈ బాధ లేదు. 153 కిలోమీటర్ల కాలువలో వచ్చే ఏలేరు నీళ్లు కణితి రిజర్వాయర్‌లో నిలుస్తాయి. వాళ్ల పోరు ఉప్పుతో కాదు, గారతో.

ఉప్పునీటికి పూర్వం ఇత్తడి గొట్టాలు, ఆ తరవాత రాగి-నికెల్ గొట్టాలు వాడేవారు. అవి తినేసుకుపోతే చిల్లు పడేది. కండెన్సర్ లోపల శూన్యం కాబట్టి చిల్లు పడ్డచోట సముద్రం లోపలికి ఎగబడుతుంది, బాయిలర్ నీళ్లలో ఉప్పు కలుస్తుంది, యూనిట్ ఆపక తప్పదు. టైటానియం ఆ బాధ తీర్చింది. కానీ ఇక్కడో తిరకాసుంది. రాగి సముద్రజీవులకు విషం, టైటానియం కాదు. తుప్పు పట్టని ఆ నున్నటి గోడ పాచికీ, గుల్లలకీ చక్కని కాపురం. విశాఖ సముద్రం చలికాలంలోనూ వెచ్చగానే ఉంటుంది కనుక వాటికి సెలవు రోజంటూ లేదు. క్లోరిన్ కలిపితే కొంత అదుపు, అంతే. లోడ్ తగ్గించి సగం కండెన్సర్ మూసి తోమడం ఉంది గానీ, నెల తిరగకముందే మళ్లీ జిగట.

1950లలో జర్మనీకి చెందిన టాప్రొగ్గె సంస్థ వెతికిపట్టిన ఉపాయం చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. అదే దాని గొప్ప. గొట్టం లోపలి కొలత కన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లు పెద్దవైన స్పాంజి రబ్బరు బంతులు నీళ్లతోపాటు వదలడం, అంతే. నీటి ఒత్తిడే బంతిని గొట్టంలోకి తోస్తుంది. అది నొక్కుకుంటూ, గోడను రుద్దుకుంటూ అవతలి కొసన తేలుతుంది. అక్కడ జల్లెడ పట్టుకుంటుంది, చిన్న పంపు దాన్ని మళ్లీ ముందుకు చేరుస్తుంది. గొట్టాల సంఖ్యలో పదోవంతు బంతులు వేస్తే చాలు. ఏ బంతి ఏ గొట్టంలో దూరుతుందో ఎవరికీ తెలియదు. తిరుగుతూ ఉంటే కొద్ది నిమిషాలకొకసారి అన్ని గొట్టాలకూ వంతు వస్తుంది.

ఇందులో మనిషి చెయ్యి పడేది ఒక్కచోటే. కొత్త బంతుల్ని బకెట్ నీళ్లలో ముంచి పిండాలి. లోపల గాలి ఉంటే పైకి తేలి పైవరస గొట్టాల్లోకే పోతాయి, కింది వరసలకు స్నానం ఉండదు. గాలి పోయి నీరు పీల్చాక బంతి బరువు నీటి బరువుతో సరితూగుతుంది, అన్ని ఎత్తులకూ చేరుతుంది. వాడిన బంతిని రింగులో పెట్టి చూస్తారు. నొక్కకుండానే జారిపోతే అరిగిందన్నమాట, ఇక దాన్ని పారేయడమే. గార గట్టిగా కట్టినచోట గరుకు పూత వేసిన బంతులు వాడతారు. పల్చటి గొట్టాలకు వాటిని ఎక్కువసేపు వదలడం మంచిది కాదు.

తంటా తెచ్చేది జల్లెడే. దాని మీద చెత్త పేరుకుందంటే వంపు తప్పి సందు పడుతుంది, బంతులు టవర్ వైపు కొట్టుకుపోయి నీళ్లు చిమ్మే నాజిళ్లలో ఇరుక్కుంటాయి. అందుకే జల్లెడ పట్టిన బంతులు చేరే పెట్టె (కలెక్టర్) తెరిచి బంతుల్ని బయటికి తీసినప్పుడు ముందు లెక్కపెడతారు, కొలత ఆ తరవాతే.