మేతలో బయటపడ్డ విటమిన్లు

1907లో అమెరికాలోని విస్కాన్సిన్ వ్యవసాయ కళాశాలలో 16 పెయ్యలను నాలుగు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు మొక్కజొన్నే మేత: గింజ, ఆకు, కాడ అన్నీ దానివే. రెండో జట్టుకు గోధుమ, మూడోదానికి ఓట్స్, నాలుగోదానికి మూడూ కలిపి. ప్రోటీను, శక్తి లెక్కల్లో అన్నీ సమానమే. నాటి రసాయన శాస్త్రం ప్రకారమైతే అన్ని జట్లూ ఒకేలా ఎదగాలి. మొక్కజొన్న తిన్నవి నిగనిగలాడుతూ బలమైన దూడలను వేశాయి. గోధుమ తిన్నవి నెలలు నిండకుండానే ఈనాయి. ఆ దూడలు బతకలేదు. 1911లో ఈ ఫలితాలు అచ్చయ్యాక, మేత విలువను ప్రోటీను, పిండి, కొవ్వులతోనే తూచడం కుదరదని తేలింది. గోధుమ మేతలో విటమిన్ ఎ, కాల్షియం చాలలేదన్నది తర్వాత తెలిసిన సంగతి.

అంతకుముందే జావాలో డచ్ వైద్యుడు ఐక్‌మన్ మరో లోపాన్ని చూశాడు. ఆసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం తిన్న కోళ్లకు కాళ్లు పడిపోయాయి. తవుడు తీయని బియ్యం పెడితే తేరుకున్నాయి. బియ్యంలో ఏదో విషం ఉందని ఆయన అనుకున్నాడు. తవుడుతో పాటు పోయే పోషకమే కారణమని 1901లో ఆయన సహచరుడు గ్రైన్స్ సరిగ్గా చెప్పాడు.

విస్కాన్సిన్‌లో పనిచేసిన మెకాలమ్ ఆవులను వదిలి ఎలుకలను పట్టుకున్నాడు. 1913లో ఆయన, మార్గరీట్ డేవిస్ కలిసి వెన్నలో ఉండి పంది కొవ్వులో లేని పెరుగుదల పదార్థాన్ని గుర్తించారు. కొవ్వులో కరిగే ఎ, నీటిలో కరిగే బి అన్న విభజన అక్కడ మొదలైంది. కుక్కపిల్లల రికెట్స్ నుంచి డి, ఎలుకల గొడ్డుతనం నుంచి ఇ, కోడిపిల్లల రక్తస్రావం నుంచి కె వచ్చి చేరాయి. కరిగే గుణాన్ని బట్టి చేసిన ఈ విభజన ప్రయోగశాల సౌలభ్యం కోసం పుట్టినా రైతుకూ పనికొచ్చింది: ఎ విటమిన్ కాలేయంలో నెలల తరబడి నిలవ ఉంటుంది, బి వర్గంలో చాలా వరకు మూత్రంలో పోతాయి.

అయితే ఏ జంతువుకు ఏది కావాలో ఆ అక్షరాలు చెప్పవు. నా దృష్టిలో పశుపోషణకు అంతకన్నా ముఖ్యమైన వర్గీకరణ అదే. గినీపందికి విటమిన్ సి మేతలో అందాలి. ఆవు కాలేయం దాన్ని తానే తయారుచేసుకుంటుంది. నెమరువేసే పశువు పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు బి విటమిన్లను తయారుచేస్తాయని 1928లో పెన్సిల్వేనియాలో బెక్‌డెల్ బృందం చూపింది. ఆస్ట్రేలియా తీరప్రాంతాల్లో మేత పుష్కలంగా ఉన్నా గొర్రెలు చిక్కిపోయి చచ్చిపోయేవి. అక్కడి నేలలో కోబాల్ట్ కొరవడిందని 1935లో తేలింది. ఆ కోబాల్ట్ ఎందుకో 1948 దాకా అర్థం కాలేదు. ఆ ఏడు వేరుచేసిన బి12 అణువులో కోబాల్ట్ కనిపించింది. పొట్టలోని సూక్ష్మజీవులకు అది దొరక్కపోతే బి12 తయారు కాదు, గొర్రె ఆకలి చచ్చిపోతుంది.

కోడికి అటువంటి పొట్ట లేదు. అందుకే బి వర్గం అన్వేషణలో కోడిపిల్లలే ఎక్కువగా తోడ్పడ్డాయి. వాటి రక్తహీనతను ఆపే ఫోలిక్ ఆమ్లాన్ని 1940ల మధ్యలో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకుడు. నేటి కోళ్ల దాణాలో బి విటమిన్లన్నీ కలుపుతారు. ఎండిన వరిగడ్డి మీదే నెట్టుకొచ్చే గేదెకు కొరవడేది ఎ. పచ్చిమేతలోని కెరోటిన్ ఆ కొరత తీరుస్తుంది.