హకీంపేటలో పోలండ్ జెట్‌లు

సికింద్రాబాద్ నుంచి కరీంనగర్ దారి పట్టి అల్వాల్, బొల్లారం దాటితే హకీంపేట వైమానిక స్థావరం వస్తుంది. యుద్ధవిమానాలు నడపబోయే యువకులు జెట్‌లకు అలవాటుపడేది ఇక్కడే. 1970ల నడుమ మొదలుపెట్టి దాదాపు మూడు దశాబ్దాలు వాళ్లు నడిపిన శిక్షణ విమానాల్లో ఒకటి పోలండ్‌ది. పేరు టీఎస్-11 ఇస్క్రా. పోలండ్ వెలుపల దాన్ని కొన్న దేశం భారత్ ఒక్కటే. శిక్షణ జెట్‌ల అమ్మకాల గురించి మాట్లాడేవాళ్లు బ్రిటన్ హాక్ దగ్గరే ఆగిపోతారు. ఇస్క్రా కథ అంతకంటే తక్కువదేమీ కాదు.

తదేవుష్ సోల్టిక్ రూపొందించిన ఈ విమానం 1960 ఫిబ్రవరి 5న తొలిసారి ఎగిరింది. అప్పట్లో వార్సా ఒప్పంద దేశాలు తమ అందరికీ పనికొచ్చే ఒకే శిక్షణ జెట్ కోసం వెతుకుతున్నాయి. 1961 పోటీలో ఇస్క్రాతో పాటు చెకోస్లొవేకియా ఎల్-29, సోవియట్ యాక్-30 నిలిచాయి. ఎంపికైంది ఎల్-29. ఆ ఒక్క నిర్ణయంతో ఎల్-29 తయారీ మూడు వేలు దాటింది. పోలండ్ తన విమానాన్ని వదులుకోలేదు, మియెలెట్స్ ఫ్యాక్టరీలో తయారుచేసి తన వాయుసేనకు ఇచ్చుకుంది. కానీ సహజంగా దొరకాల్సిన మార్కెట్ మొత్తం చేజారింది. తయారైన ఇస్క్రాలు నాలుగు వందల పైచిలుకు మాత్రమే.

ఇక్కడ మన అవసరం వేరు. వి.ఎం. ఘాటగే రూపకల్పన చేసిన స్వదేశీ శిక్షణ జెట్ కిరణ్ 1964 సెప్టెంబరులోనే ఎగిరినా, హెచ్‌ఏఎల్ బెంగళూరు ఫ్యాక్టరీ నుంచి వచ్చే విమానాలు పెరుగుతున్న శిక్షణకు చాలలేదు. పోలండ్‌తో రూపాయల్లో వ్యాపారం చేసే ఏర్పాటు అప్పటికే ఉంది. 1975లో 50 ఇస్క్రాలకు ఒప్పందం కుదిరింది. 1990లలో మరో 26 వచ్చాయి.

కిరణ్‌లో గురువు, శిష్యుడు పక్కపక్కనే కూర్చుంటారు. గురువు చేయి ఎటు కదిలిందో శిష్యుడికి కనిపిస్తూనే ఉంటుంది. ఇస్క్రాలో శిష్యుడు ముందు, గురువు వెనక. ముందు కూర్చున్నవాడికి ఆసరాగా వినిపించేది గొంతు ఒక్కటే. రేపు యుద్ధవిమానంలో ఒంటరిగా కూర్చోవలసినవాడికి ఇది అసలు పాఠం. ఆకారమూ విలక్షణమే: రెక్కల మొదట్లో గాలి లోపలికి పోయే ద్వారాలు, ఇంజిన్ పొగగొట్టం నడుము దగ్గరే ముగుస్తుంది, దాని మీదుగా తోక సన్నని కాడలా వెనక్కి సాగుతుంది.

అయితే కిరణ్ గానీ ఇస్క్రా గానీ యుద్ధవిమానం మిగ్-21కు తగిన మెట్టు కాదు. ఆ వేగానికీ ఈ వేగానికీ నడుమ పెద్ద అగాధం ఉంది. ఉన్నత శ్రేణి శిక్షణ జెట్ కావాలని లా ఫాంటేన్ కమిటీ 1982లోనే చెప్పింది. బ్రిటన్ హాక్‌ల ఒప్పందం మీద సంతకాలు పడింది 2004 మార్చిలో. ఇరవై రెండేళ్లు! ఈలోగా ఎందరో యువ పైలట్లు ఆ అగాధాన్ని సొంత ప్రాణాల మీదికి తెచ్చుకుని దాటారు, కొందరు దాటలేకపోయారు. ఆ జాప్యాన్ని బేరసారాల ఖాతాలో వేసి సరిపెట్టుకోవడం అన్యాయం.

ఒప్పందం ప్రకారం 66 హాక్‌లలో 24 బ్రిటన్‌లో తయారై వచ్చాయి, 42 హెచ్‌ఏఎల్ బెంగళూరులో తయారుచేసింది. 2008 ఫిబ్రవరిలో బీదర్‌లో వాటిని దళంలోకి తీసుకున్నారు. 2010లో మరో 57కు ఆర్డరు వెళ్లింది, అందులో 17 నౌకాదళానివి. విశాఖలోని నౌకాదళ వైమానిక స్థావరం ఐఎన్‌ఎస్ డేగాకూ హాక్‌లు చేరాయి. హాక్ ఒప్పందం కుదిరిన ఆ 2004లోనే, డిసెంబరులో, ఇస్క్రాలకు మన వాయుసేన వీడ్కోలు పలికింది.

పోలండ్ మాత్రం తన ఇస్క్రాలను శిక్షణలో 2020 డిసెంబరు దాకా నడిపింది. వాటి స్థానంలోకి సొంత జెట్ రాలేదు. 2014లో ఇటలీ నుంచి ఎం-346లు కొనుక్కుంది. ఒకప్పుడు మనకు అమ్మిన దేశం తానే కొనుగోలుదారు అయింది.

హకీంపేటలో ఇస్క్రా నడిపిన పైలట్లు, వాటికి మరమ్మతులు చేసిన సిబ్బంది ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ల జ్ఞాపకాలను తెలుగులో నమోదు చేసే పని ఎవరైనా ఇప్పుడే మొదలుపెట్టాలి.