కూర్చోడానికి ఒక చోటు

ఖతార్‌కు ఉద్యోగానికి రావాలంటే మనవాళ్ళెవరికైనా రక్తపరీక్ష తప్పదు. కరీంనగర్ నుంచి వచ్చినా, కోనసీమ నుంచి వచ్చినా అంతే. హెచ్ఐవీ ఉందని తేలితే వీసా ఆగిపోతుంది. వచ్చాక తేలితే తిరుగు టికెట్టే. ఆపైన మగవాళ్ళ మధ్య శారీరక సంబంధం ఇక్కడి చట్టంలో నేరం. ఈ రెండూ కలిస్తే ఒక గే కుర్రాడి పరిస్థితి ఏంటో ఆలోచించండి. అనుమానం వచ్చినా ఎవర్నీ అడగలేడు. అడిగితే ఉద్యోగం పోతుందని భయం, అడక్కపోతే జబ్బు ముదురుతుందని భయం.

పరీక్ష గేటు దగ్గర కాపలా లాంటిది. అది జబ్బును కనిపెడుతుంది గానీ రాకుండా ఆపలేదు. ఆపేది ఏంటో చరిత్రలో ఉంది.

1990లలో అమెరికాలోని యూజీన్ అనే ఊళ్ళో ఒక ప్రయత్నం జరిగింది. గే, బైసెక్సువల్ యువకులకు ఉపన్యాసాలు ఇవ్వడం మానేసి, వాళ్ళే నడుపుకునేలా ఒక చోటు చూపించారు. కబుర్లు, పార్టీలు, ఆ మాటల్లోనే కండోమ్ సంగతి, స్నేహితుడు స్నేహితుడికి చెప్పినట్టు. అక్కడ జాగ్రత్త లేని సంబంధాలు తగ్గాయని 1996లో వచ్చిన అధ్యయనం చెప్పింది.

మన దేశంలో మొదటి హెచ్ఐవీ కేసులు 1986లో చెన్నైలో బయటపడ్డాయి. ఆ తర్వాత నివారణ పని మొదలైంది గానీ, 377 సెక్షన్ అడ్డొచ్చింది. 2001లో లక్నోలో ఈ పని చేస్తున్న కార్యకర్తలనే పోలీసులు అరెస్టు చేశారు. నలభై రోజులకు పైగా జైల్లో ఉన్నారు వాళ్ళు. ఆ ఏడాదే నాజ్ ఫౌండేషన్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. మనుషులు భయంతో దాక్కుంటే జబ్బును ఆపలేం అన్నది వాళ్ళ వాదనల్లో ఒకటి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అప్పట్లో హెచ్ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. 2003లో గేట్స్ ఫౌండేషన్ వాళ్ళ ఆవాహన్ కార్యక్రమం మొదలయ్యాక మన ఊళ్ళల్లోనూ డ్రాప్ ఇన్ సెంటర్లు వచ్చాయి. పేరు పెద్దదే గానీ చాలాచోట్ల ఉన్నది ఓ అద్దె గది. కాసేపు కూర్చోవచ్చు, నవ్వుకోవచ్చు, కౌన్సెలర్‌తో మాట్లాడొచ్చు, పరీక్షకు తోడు దొరుకుతుంది. ఇంట్లో చెప్పలేనిది అక్కడ చెప్పేవాళ్ళు.

2009లో ఢిల్లీ హైకోర్టు ఊరటనిచ్చింది, 2013లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, 2018 సెప్టెంబర్ 6న మళ్ళీ సుప్రీంకోర్టే ఆ నేరముద్ర తీసేసింది. అదే నెలలో హెచ్ఐవీ ఉన్నవాళ్ళపై వివక్షను నిషేధించే చట్టం అమల్లోకి వచ్చింది. 2021లో హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్ల కోసం మిత్ర్ క్లినిక్ తెరిచారు. 2025లో అమెరికా సాయం ఆగిపోగానే దానికి తాళం పడింది. ఏళ్ళ తరబడి సంపాదించుకున్న నమ్మకం, నిధులు ఆగిన రోజున ఎంత సులువుగా వీధిన పడుతుందో చూశాం.

దోహాలో అలాంటి గది ఇప్పట్లో రాదు. కానీ మన తమ్ముడో, కొడుకో సెలవు మీద ఊరికెళ్తాడు కదా. ప్రభుత్వాసుపత్రిలోని ఐసీటీసీలో పరీక్ష ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు. 1097కు ఫోన్ చేసి అడగొచ్చు. పాజిటివ్ అని తేలినా మందులు ఉచితం. రోజూ వాడి వైరస్ అదుపులో ఉంటే మామూలుగా బతకొచ్చు, శారీరక సంబంధం ద్వారా ఇతరులకూ అంటదు.

ఇవి మన ఇంట్లో ఎవరైనా మాట్లాడారా? "పెళ్ళెప్పుడు?" అని అడిగే ముందు, వాడు నోరు విప్పి చెప్పగలిగే చోటు మన వంటింట్లో ఉందో లేదో చూసుకోవాలి అక్కలూ.