భుజం చూసి దండం

మొకం కాదురా, భుజం చూడుండ్రి అనేటోడు మా నాయిన. మన బస్తర్ దిక్కు భోపాలపట్నంల నాకు అక్షరాలు రాకముందే ఖాకీ అంగీ చదువుడు వచ్చింది. చెయ్యి మీద మూడు ఫీతీలుంటే హెడ్డు. భుజానికి రెండు చుక్కలుంటే దరోగా, మూడుంటే ఇన్‌స్పెక్టరు. ఆడనే ఉన్నది మతలబు! ఉత్త చుక్కలు లెక్కపెడితే మోసపోతవు బిడ్డా. ఎరుపూ నీలం కలిసిన పట్టీ ఉన్నదా లేదా చూడాలె. పట్టీ ఉంటే ఇన్‌స్పెక్టరు, పట్టీ లేని మూడు చుక్కలైతే డీఎస్పీ. ఆయనకు ఇంకింత వంగి దండం పెట్టాలె. మూడు సింహాలు, వాటితోని చుక్క కనబడ్డదా, ఎస్పీ వచ్చిండన్నట్టే. సంతల బేరాలు సుత ఆగేటివి. నాకైతే చిందోళ్ల ఆటల రాజు పెట్టుకునే కట్టె భుజకీర్తుల ముంగట అదేం పెద్దగ ఆనలేదు.

ఆ సింహాలు మొదటినుంచి లేవు. తెల్లదొరల కాలంల ఆ జాగల కిరీటముండేది. 1950ల గణతంత్రం వచ్చినంక కిరీటం పోయి అశోకుని సింహాలు ఎక్కినయి. అంతకు రెండేండ్ల ముందే, 1948 జనవరిల, ఓరుగల్లు కాకతీయుల వంశం ఏలిన మన బస్తర్ రాజ్యం సెంట్రల్ ప్రావిన్సెస్‌ల కలిసింది. గద్దె పోయినా జనం రాజు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్‌కే మొక్కిండ్రు. 1966 మార్చి 25న జగదల్‌పూర్ కోటల పోలీసు కాల్పులకు ఆయన పోయిండు. ఆ తర్వాత చుక్కలు చూసి పెట్టే దండంల భయమే మిగిలింది, మర్యాద పోయింది.

అసలు 1910 భూంకాల్ తిరుగుబాటుల జనాన్ని నడిపిన గుండాధూర్ భుజాన ఏ బిళ్లుండె? మామిడికొమ్మకు మిరపకాయలు కట్టి ఊరూరు తిప్పితే అదే హుకుం.

అడవిల నక్సలైట్ల కొట్లాట ముదిరినంక నాయిన చదువు పనికిరాకుండ పోయింది. కూంబింగుకు పోయేటోళ్లు మెరిసే చుక్కలు పెట్టుకుంటరా? పొదల దాగినోడు ముందుగల గురిపెట్టేది సారు భుజానికే గద. సారెవరో జవానెవరో తెల్వకుంటయ్యింది. దళపోళ్ల ఆకుపచ్చ బట్టల మీద సుత చుక్కలు లేవాయె. ఇగ నేను కనబడ్డోనినల్ల సారూ అన్న.

2017ల సీఆర్పీఎఫోళ్లు 241వ బెటాలియన్ లేపిండ్రు, బస్తరియా బెటాలియన్ అని. అంతా ఈ దిక్కు పిల్లలే, మూడోవంతు ఆడపిల్లలు. 2018ల అంబికాపూర్‌ల కవాతయ్యింది. కొత్త సిపాయికి భుజాన చుక్కలుండయి, పటాలం పేరు అక్షరాలే. సెలవుకొచ్చినప్పుడు ఆ అంగీ సంచిల సుత తేరు. లుంగీ, టీషర్టు మీద బస్సు దిగుతరు. ఏం పనిరా అంటే, రాయపూర్‌ల కంపెనీల అంటరు.