ఉస్మానియా హాస్టలూ దిల్‌సుఖ్‌నగర్ రూమూ

ఉస్మానియా యూనివర్సిటీ గురించి మనకు రెండు కథలు చెబుతుంటారు. ఒకటి: అది నిజాం పెట్టిన తురకల యూనివర్సిటీ, తెలుగు పిల్లల నోట్లో ఉర్దూ కుక్కారు, వందేమాతరం పాడితే తరిమేశారు. రెండోది మన ఇళ్లలో చెప్పుకునేది: షేర్వానీలు, ముషాయిరాలు, తెహజీబ్, అదొక పూలతోట. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు అద్దె ఇళ్లలో పెరుగుతున్న మా పిల్లలు మొదటి కథ బయట వింటారు, రెండో కథ ఇంట్లో వింటారు. రెండు కథలూ వదిలేసిన సంగతి ఒకటుంది. ఆ క్యాంపస్‌లో సర్కారును ధిక్కరించిన వాళ్లలో ఉర్దూలోనే ధిక్కరించిన వాళ్లున్నారు.

1917లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా ఇచ్చాడు. 1919లో నిజాం కాలేజీ పక్కన 225 మంది విద్యార్థులతో క్లాసులు మొదలయ్యాయి. ఇంగ్లిష్ కాకుండా ఒక దేశీ భాషలో సైన్సూ లా అన్నీ చెప్పిన మొదటి ఆధునిక యూనివర్సిటీ ఈ దేశంలో అదే. దానికోసం ముందే దారుల్ తర్జుమా పెట్టి మౌల్వీ అబ్దుల్ హఖ్ వంటి వాళ్లకు అప్పగించారు. పుస్తకాలు లేకుంటే పుస్తకాలు, మాటలు లేకుంటే మాటలు పుట్టించారు. గొప్ప పనే. అయితే ఒక సంగతి దాచకూడదు. సంస్థానంలో సగానికి దగ్గరగా తెలుగు మాట్లాడేవాళ్లు. ఉర్దూ ఇంటిభాషగా ఉన్నవాళ్లు పదో వంతు. దొరల ఇంగ్లిష్‌ను పక్కన పెట్టిన సర్కారు రైతుబిడ్డ తెలుగును కూడా పక్కనే పెట్టింది. రాయప్రోలు సుబ్బారావు అంతటి కవి పాఠం చెప్పినా తెలుగు అక్కడ ఒక సబ్జెక్టుగానే మిగిలింది. తెలుగు విద్యార్థి గుండెలో ఆ ముల్లు ఉండేదని ఒప్పుకోకుండా ఉస్మానియా గురించి మాట్లాడే హక్కు మనకు లేదు.

ముల్లుతో పాటు అక్కడ ఒక బతుకు కూడా ఉంది. మెదక్ జిల్లా ఆందోల్ నుంచి వచ్చిన మఖ్దూం మొహియుద్దీన్‌నే తీసుకోండి. చిన్నప్పుడే తండ్రి పోయిన పిల్లవాడు. హాస్టల్లో ఒక దోస్తు పసుపు శాలువా మీద ‘పీలా దుశాలా’ అని వేళాకోళపు కవిత కట్టి కవి అనిపించుకున్నాడు. తర్వాత మీర్ హసన్‌తో కలిసి బెర్నార్డ్ షా ‘విడోయర్స్ హౌసెస్’ను ‘హోష్ కే నాఖున్’గా ఉర్దూలోకి తెచ్చాడు. మురికివాడల్లో అద్దెలు పిండి పెద్దమనిషైన ఇంటి ఓనరు కథ అది. నిజాం పేరు పెట్టుకున్న యూనివర్సిటీ కుర్రాళ్లు, నిజాం రాజ్యంలోనే, మీ ఆస్తి ఎక్కడిదని స్టేజీ మీద నుంచి అడిగారన్న మాట! దీన్ని తెహజీబ్ కథలో ఎవరూ చెప్పరు. మజల్లా-ఎ-ఉస్మానియా పేజీలూ, యూనియన్ ఉపన్యాసాలూ, హాస్టల్ గదుల్లో అర్ధరాత్రి వాదాలూ, ఇవన్నీ రాజభక్తి నేర్పడానికి పెట్టినవే కావచ్చు. పిల్లలు మాత్రం అక్కడ వేరే పాఠం నేర్చుకున్నారు.

1938 చివర్లో బీ హాస్టల్లో హిందూ విద్యార్థులు తమ ప్రార్థన గదిలో వందేమాతరం పాడారు. అధికారులు వద్దన్నారు. సమ్మె జరిగింది. వందల మందిని వెళ్లగొట్టారు. నాగపూర్ యూనివర్సిటీ వాళ్లను చేర్చుకుంది. అలా నాగపూర్ వెళ్లిన వాళ్లలో పి.వి. నరసింహారావు ఒకరు. ఆ పాట మీద మనవాళ్లకున్న అభ్యంతరం మాకు తెలుసు. అది ఇప్పటికీ ఉంది. కానీ పాట నచ్చకపోవడం వేరు, పాడినవాడి చదువు తెంచడం వేరు. ఆనాడు చేసింది తప్పు. ఉర్దూ, ఫార్సీ బాగా వచ్చిన ఆ పి.వి.యే 1992 డిసెంబర్ 6న దేశానికి ప్రధాని. బాబ్రీ మసీదు ఆయన హయాంలోనే కూలింది. ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చూడటం మాకు అలవాటైపోయింది. ఒకదానికి ఇంకొకటి బదులని మేమనం.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1939 ప్రాంతంలో, మఖ్దూం, ఆలం ఖుంద్‌మీరీ, రాజ్ బహదూర్ గౌర్ వంటి వాళ్లు కామ్రేడ్స్ అసోసియేషన్ పెట్టారు. గౌర్ మెడిసిన్ విద్యార్థి. వాళ్లు చదివిందీ వాదించుకుందీ ఎక్కువగా ఉర్దూలోనే. ఇత్తెహాద్ జెండా పట్టిన విద్యార్థులు లేరా? ఉన్నారు. కానీ అదే ఉస్మానియాలో చదివిన షోయబుల్లాఖాన్ ‘ఇమ్రోజ్’ పత్రికలో రజాకార్లకు ఎదురు రాశాడు. 1948 ఆగస్టులో వాళ్లు ఆయన్ను చంపేశారు. ఉర్దూ అంటే రజాకార్ల భాష అనేవాళ్లకు, ఆయన ఏ భాషలో రాసి చనిపోయాడో చెప్పాలి.

1948 సెప్టెంబర్ 17 తర్వాత జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన ఊచకోతలో చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా కట్టింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు తొక్కిపెట్టారు. యూనివర్సిటీలో జరిగింది రక్తం లేని పని కాబట్టి దానిమీద ఏ కమిటీ వెయ్యలేదు. ఉర్దూ మీడియం తీసేశారు. దాని జాగాలో పెట్టింది తెలుగు కాదు, ఇంగ్లిష్. తెలుగువాడి ముల్లు తీస్తామని తీయలేదు, మనవాడి కాలి కింద నేల మాత్రం లాగేశారు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కోఠీ పోయే దారిలో వచ్చే చాదర్‌ఘాట్‌లో ఇంటర్ చదివి, ఉస్మానియాలో ఉర్దూ మీడియంలోనే బీఏ చేసిన సి. నారాయణరెడ్డి తర్వాత తెలుగులో ఎంత పెద్ద కవి అయ్యాడో అందరికీ తెలుసు. ఉర్దూలో చదివితే తెలుగు చస్తుందన్న వాదానికి ఆయన ఒక్కడు చాలు.

1952లో గైర్ ముల్కీలు వెనక్కి పోవాలని ఉద్యమం లేచినప్పుడు ఉర్దూ ఇంటి పిల్లలూ తెలుగు ఇంటి పిల్లలూ కలిసే వీధికెక్కారు. సెప్టెంబర్ 3, 4 తేదీల్లో సిటీ కాలేజీ దగ్గర, పాతబస్తీలో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఒకప్పుడు మఖ్దూం పాఠం చెప్పిన కాలేజీ అది. 1969లో మళ్లీ ఉస్మానియా. 2009 నవంబర్ 29న ఎల్బీనగర్ చౌరస్తాలో శ్రీకాంతాచారి ఒంటికి నిప్పంటించుకున్నాడు. ఆయన విగ్రహం ఇప్పుడక్కడే ఉంది.

ఇవాళ విద్యార్థి బతుకు క్యాంపస్ గోడ దాటి మా వీధుల్లోకి వచ్చింది. నల్లగొండ, పాలమూరు, ఖమ్మం పిల్లలు దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి హాస్టళ్లలో ఉండి కోచింగ్ తీసుకుంటారు. మా పిల్లలూ టులెట్ బోర్డు చూసి తలుపు కొడతారు. పేరు చెప్పగానే ‘రూం ఇందాకే పోయింది’ అంటారు. బోర్డు మర్నాడు కూడా వేలాడుతూనే ఉంటుంది. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలాక ‘ఇందాక’ అనడం కూడా మానేసిన వాళ్లున్నారు. షా నాటకంలో ఓనరుకు కనీసం అద్దె వస్తే చాలు, పేరు అడగడు.

2017లో ఉర్దూను తెలంగాణ అంతటా రెండో అధికార భాష చేశారు. గ్రూప్-1 మెయిన్స్ ఉర్దూలో కూడా రాయొచ్చని నోటిఫికేషన్‌లో ఉంటుంది. కానీ దిల్‌సుఖ్‌నగర్‌లో మాకు కనబడ్డ కోచింగ్ బోర్డుల మీద తెలుగు మీడియం, ఇంగ్లిష్ మీడియం అన్నవే. ఉర్దూ మీడియంలో చదివొచ్చిన మా పిల్లలు తెలుగు మెటీరియల్ కొనుక్కుంటారు. రాత్రుళ్లు కూచుని, తెలియని మాట పక్కన మార్జిన్లో పెన్సిల్‌తో ఉర్దూ మాట రాసుకుంటారు.