సొసైటీ ఆఫ్ బ్రాడ్‌కాస్ట్ ఇంజినీర్స్

అమెరికాలో రేడియో, టీవీ కేంద్రాల ఇంజినీర్లు 1964లో పెట్టుకున్న వృత్తి సంఘం. పొట్టిగా ఎస్‌బీఈ అంటారు. ప్రధాన కార్యాలయం ఇండియానాపొలిస్‌లో ఉంది. జీతాల గురించి యాజమాన్యాలతో బేరమాడే కార్మిక సంఘం కాదిది.

1963లో అమెరికాలోని రేడియో ఇంజినీర్ల సంస్థ, విద్యుత్ ఇంజినీర్ల సంస్థ కలిసిపోయి ఐఈఈఈగా మారాయి. అంత పెద్ద సంస్థలో ట్రాన్స్‌మిటర్ దగ్గర పనిచేసేవారిని పట్టించుకునేదెవరన్న బెంగ మొదలైంది. ‘బ్రాడ్‌కాస్ట్ ఇంజినీరింగ్’ పత్రిక సంపాదకుడు జాన్ బాటిసన్ ప్రసార ఇంజినీర్లకు వేరే సంఘం కావాలని పిలుపునిచ్చారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ప్రసార సంస్థల వార్షిక సమావేశాలకు షికాగో వచ్చినవారు అక్కడే సంఘాన్ని స్థాపించారు. పేరులో మొదట ‘ఇన్‌స్టిట్యూట్’ ఉండేది. తర్వాత ‘సొసైటీ’ అయింది.

చిన్న ఊరి రేడియో కేంద్రంలో ఇంజినీరు ఒక్కడే. అర్ధరాత్రి టవర్ మీద పిడుగు పడితే సలహా అడగడానికి పక్క కేంద్రం ఇంజినీరే దిక్కు. యజమానుల లెక్కలో అతను పోటీదారు మనిషి. సంఘం స్థానిక శాఖలో మాత్రం తోటి సభ్యుడు.

సంఘం చేసిన పనుల్లో అన్నిటికంటే విలువైనది, బయటివారికి అంతగా తెలియనిది, ఫ్రీక్వెన్సీల సర్దుబాటు. వార్తల వ్యాన్లు ప్రత్యక్ష దృశ్యాలను పంపే 2 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ చానళ్లు ఏడే. ఊళ్లోని కేంద్రాలన్నీ వాటినే పంచుకోవాలి. ఒకే అగ్నిప్రమాదం దగ్గరికి వెళ్లిన రెండు వ్యాన్లు ఒకే చానల్ ఎక్కితే రెండు చిత్రాలూ చెడతాయి. ఎవరు ఏ చానల్ వాడాలో శాఖల్లోని స్వచ్ఛంద సమన్వయకర్తలు ఫోన్ల మీదే తేలుస్తూ వచ్చారు. తర్వాత ఈ బ్యాండ్‌లో 35 మెగాహెర్ట్జ్ ఇతర సేవలకు పోయింది. 120 ఉన్నది 85 అయింది. ఒక్కో చానల్ దాదాపు 17 నుంచి 12 మెగాహెర్ట్జ్‌కు కుదించుకుపోయింది. చానళ్ల సంఖ్య తగ్గకపోవడానికి డిజిటల్ పరికరాలే కారణం.

రెండో పెద్ద మేలు ధ్రువపత్రాలు. ఒకప్పుడు ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఇచ్చే ‘ఫస్ట్ క్లాస్’ లైసెన్సే ఇంజినీరు అర్హతకు కొలమానం. 1980ల ఆరంభంలో దాన్ని ఎత్తేశారు. ఉద్యోగమిచ్చేవారికి అభ్యర్థి పనితనం తెలిసే దారి మూసుకుపోయింది. సంఘం మాత్రం 1970ల్లోనే సొంత పరీక్షలు మొదలుపెట్టింది కాబట్టి ఆ లోటు పూడ్చగలిగింది. సంఘం ఇచ్చే ధ్రువపత్రం ప్రభుత్వ లైసెన్సు కాదు, చట్టరీత్యా తప్పనిసరీ కాదు. అయినా ఉద్యోగ ప్రకటనల్లో దానికి చోటు దొరికింది. స్టూడియోల్లోకి కంప్యూటర్లు వచ్చాక నెట్‌వర్కింగ్ పరీక్షలూ చేరాయి. అయిదేళ్లకోసారి పత్రాన్ని పునరుద్ధరించుకోవాలి. అన్నిటికంటే పై మెట్టయిన ‘ప్రొఫెషనల్ బ్రాడ్‌కాస్ట్ ఇంజినీర్’ హోదాకు మాత్రం పరీక్ష లేదు. 20 ఏళ్ల అనుభవం చూపించాలి.