పేరు పెట్టాక కోయగలమా? ల్యాబ్‌లో పుట్టిన జంతువులు, వాటిని పెంచిన మనుషుల కథలు

ముందు ఒక చిన్న ప్రశ్న. చిన్నప్పుడు మీ ఇంట్లోనో, అమ్మమ్మగారి ఊళ్ళోనో ఒక కోడిపిల్లకి పేరు పెట్టి పెంచారా? పండక్కి దాన్నే కోశారని తెలిశాక ఆ రోజు మీకు ముద్ద దిగిందా? చాలామందికి దిగదు. అదే షాపులో కొన్న చికెన్ అయితే లాగించేస్తాం. రెండూ కోళ్ళే కదా, మరి తేడా ఎక్కడుంది? ఒకదానికి పేరుంది, అంతే.

ఇవాళ్టి ఎపిసోడ్‌లో ఈ చిన్న విషయాన్ని పట్టుకుని నూట ముప్పై ఏళ్ళ కథల చరిత్ర చూద్దాం. చీకటి భవిష్యత్తుని చూపించే కథల్ని డిస్టోపియా కథలు అంటారు. వాటిల్లో మనిషే తయారుచేసిన జంతువులు చాలా కనిపిస్తాయి. వాటికీ మనిషికీ మధ్య ఉన్న బంధం ఏంటి?

మొదలు 1896లో. హెచ్.జి. వెల్స్ రాసిన 'ది ఐలాండ్ ఆఫ్ డాక్టర్ మోరో' అనే నవల. ఒక దీవిలో మోరో అనే డాక్టర్ జంతువుల్ని కోసి, కుట్టి మనుషుల్లా మారుస్తుంటాడు. అప్పటికి 'జీన్' అనే మాటే పుట్టలేదు, అది 1909లో వచ్చింది. అందుకే మోరో చేతిలో ఉన్నది కత్తి. మత్తు లేకుండా బతికున్న జంతువుల్ని కోసి ప్రయోగాలు చేయడం మీద అప్పట్లో ఇంగ్లండ్‌లో పెద్ద గొడవే నడిచింది, 1876లో దాని మీద చట్టం కూడా వచ్చింది. వెల్స్ కథకి వేడి అక్కడినుంచే. మోరో తను చేసిన జీవుల్ని ప్రేమించడు. చివరికి ఆయన కట్టేసిన ప్యూమానే ఆయన్ని చంపుతుంది. తర్వాత దీవిలో ఒంటరిగా మిగిలిన కథానాయకుడికి తోడుగా ఉన్నది ఎవరో తెలుసా? కుక్క నుంచి తయారైన ఒక మనిషి. చనిపోయేదాకా అతన్ని వదల్లేదు.

తర్వాత 1944. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. ఓలాఫ్ స్టేపుల్డన్ 'సిరియస్' రాశాడు. ఒక శాస్త్రవేత్త హార్మోన్లతో మనిషంత తెలివి ఉన్న కుక్కని పుట్టిస్తాడు. దాన్ని ల్యాబ్‌లో పెట్టకుండా, తన కూతురు ప్లాక్సీతో కలిపి పెంచుతాడు. ఇద్దరూ అన్నాచెల్లెళ్ళలా పెరుగుతారు. సిరియస్ మాట్లాడతాడు, ఆలోచిస్తాడు, పాడతాడు. కానీ చేతుల్లేవు. మనుషుల్లో కలవలేడు, కుక్కల్లో ఇమడలేడు. ప్లాక్సీ ఒక్కతే అతన్ని అతనిగా చూసింది. ఊరు మాత్రం భయపడింది, చివరికి వేటాడింది. గమనించారా? ఇక్కడ ప్రేమకి కొరత లేదు. కానీ ఒక్క ఇంటి ప్రేమ సరిపోలేదు.

ఇప్పుడు కథలు పక్కనపెట్టి నిజంలోకి వద్దాం. 1953లో డీఎన్ఏ నిర్మాణం తెలిసింది. 1982లో ఎలకలోకి పెద్ద ఎలుక జాతికి చెందిన గ్రోత్ హార్మోన్ జన్యువుని ఎక్కించి, మామూలుకంటే బాగా పెద్దగా పెరిగే ఎలకల్ని పుట్టించారు. 1988లో హార్వర్డ్ యూనివర్సిటీకి అమెరికాలో ఒక ఎలక మీద పేటెంట్ వచ్చింది. క్యాన్సర్ వచ్చేలా జన్యువులు మార్చిన ఎలక అది. అంటే ప్రాణం ఉన్న ఒక జంతువు కాగితాల మీద ఒక 'ఆవిష్కరణ' అయిపోయింది. ఇక్కడినుంచి కథల్లో విలన్ కూడా మారిపోయాడు. పిచ్చి డాక్టర్ పోయి కంపెనీ వచ్చింది.

2003లో కెనడా రచయిత్రి మార్గరెట్ అట్‌వుడ్ 'ఓరిక్స్ అండ్ క్రేక్' రాసింది. అందులో పిగూన్లు ఉంటాయి. మనుషులకి మార్చడానికి కిడ్నీల్లాంటి అవయవాల్ని ఒంట్లో పెంచుకునే పందులన్నమాట. జిమ్మీ అనే పిల్లాడి నాన్న వాటిని తయారుచేసే చోటే పనిచేస్తాడు. జిమ్మీకి అవంటే జాలి. వాడికి పదో పుట్టినరోజుకి రకూన్‌ని, స్కంక్‌ని కలిపి చేసిన ఒక బుజ్జి జంతువుని ఇస్తారు. వాడు దానికి 'కిల్లర్' అని పేరు పెట్టుకుంటాడు. ఆ ఇంట్లో వాడికి దగ్గరైంది అదొక్కటే. ఒకే కంపెనీ సరుకు. ఒకదానికి పేరు, ఇంకోదానికి బోను.

ఇదే కథల వరసలో 2013లో వచ్చిన 'మ్యాడ్‌ఆడమ్'లో సీన్ తిరగబడుతుంది. లోకం కూలిపోయాక, పిల్లని పోగొట్టుకున్న పిగూన్లు మనుషుల దగ్గరికి రాయబారానికొస్తాయి. ఒప్పందం ఏంటంటే, మీరు మమ్మల్ని తినొద్దు, మేం మీ తోట జోలికి రాం. జాలితో మొదలైన బంధం మాట ఇచ్చిపుచ్చుకోవడం దాకా వచ్చింది.

బాంగ్ జూన్-హో తీసిన 'ఓక్జా' సినిమా 2017లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, మీలో చాలామంది చూసే ఉంటారు. కొరియా కొండల్లో మీజా అనే అమ్మాయి ఒక పెద్ద పందితో కలిసి పెరుగుతుంది. అది ల్యాబ్‌లో పుట్టిందన్న నిజాన్ని కంపెనీ దాస్తుంది. చివరికి మీజా ఒక బంగారు పందిబొమ్మ ఇచ్చి ఓక్జాని కొనుక్కుంటుంది. కానీ వెనక కంచె లోపల వందల పందులు అలాగే నిలబడి ఉంటాయి. వాటికి పేర్లు లేవు.

ఇదంతా మనకెందుకు అంటారా? 2022 జనవరిలో అమెరికాలో, మేరీలాండ్‌లో, పది జన్యుమార్పులు చేసిన పంది గుండెని ఒక మనిషికి పెట్టారు. ఆయన సుమారు రెండు నెలలు బతికాడు. 2024 మార్చిలో బోస్టన్‌లో పంది కిడ్నీ కూడా పెట్టారు. పిగూన్ కథ ఆసుపత్రి దాకా వచ్చేసింది.

ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పకండి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఎన్ని ఇళ్ళు చితికిపోయాయో మనకి తెలుసు. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ మంచం ఎక్కే నాన్న ఉన్న ఇంటికి వెళ్ళి, పంది కిడ్నీ పాపమండీ అని చెప్పగలమా? నేను చెప్పలేను.

కానీ ఈ కథలన్నీ ఒక మాట మాత్రం అడుగుతున్నాయి. మన కోసమే పుట్టించిన ప్రాణికి మనం ఏమీ బాకీ లేమా? బతికినన్నాళ్ళు నొప్పి లేకుండా చూడటం, ప్రాణం ఇచ్చింది అదేనని ఒప్పుకోవడం, కనీసం ఈ రెండూ బాకీనే. పేరు పెట్టిన ఒక్కదాన్ని ప్రేమించడం తేలిక, అది మీజా కూడా చేసింది. కంచె లోపల మిగిలిపోయిన వాటి సంగతేంటన్నదే అసలు పరీక్ష.

మీరు చిన్నప్పుడు పేరు పెట్టి పెంచిన కోడో, మేకో ఉంటే దాని పేరు కింద రాయండి. మళ్ళీ కలుద్దాం.